మిత్రుడి పోస్టు భర్తీ అయిపోయింది

గోనెసంచుల మిల్లు చైర్మన్ గారు ఒక సినిమా చూసి ఏడ్చారు. మామూలు మనిషి ఏడిస్తే జేబురుమాలు తడుస్తుంది. చైర్మన్ గారు ఏడిస్తే సర్క్యులర్ వస్తుంది. ఆయన కింద నాలుగు మిల్లులున్నాయి. నాలుగింటికీ వచ్చింది.

సినిమా ఏదో చలిదేశం వాళ్లది. ఆటల సినిమా. జట్టులో ఒకడికి పెద్ద జబ్బు చేస్తుంది. వాడి ప్రాణస్నేహితుడు ఆసుపత్రి బండి వెనకాల పరుగెత్తుతాడు. జబ్బు మనిషంటే గిట్టని వాడొకడు ఆసుపత్రి గుమ్మం దగ్గర గుడ్లురుముతూ నిలబడి, ఆఖరి ఆటనాడు మనసు మారి వాటేసుకుంటాడు. వాన కురుస్తుంది. జట్టు గెలుస్తుంది. జబ్బు మనిషి కన్ను మూస్తాడు. ఇంతే కథ. చైర్మన్ గారు రెండుసార్లు చూశారు.

సర్క్యులర్లో ఇలా ఉంది. "మన మిల్లుల క్రీడాజట్లయందు కేవలము ఆట మాత్రమే జరుగుచున్నట్లు యాజమాన్యము దృష్టికి వచ్చినది. ఇకపై ప్రతి జట్టునందును తీవ్ర వ్యాధిగ్రస్తుడగు క్రీడాకారుడొకరు, అతనికి ఆప్తమిత్రుడొకరు విధిగా ఉండవలెను. మైత్రికి మార్కులు వేయబడును."

మిగతా మూడు మిల్లులకూ ఇది పెద్ద చిక్కయింది. ఒక మిల్లు జట్టులో అందరూ ఏనుగు పిల్లల్లా ఉన్నారు. అక్కడి మేనేజరు వాళ్లను వరసగా నిలబెట్టి, ఇంతమందిలో ఒక్కడికి ఒక్క జబ్బయినా లేదంటే జట్టుకు క్రమశిక్షణ లేనట్టేనని చీవాట్లు పెట్టాడట. ఇంకో మిల్లు వాళ్లు ఆయాసం మనిషిని పెడితే, ఆయాసం తీవ్రవ్యాధి కిందికి రాదని తిప్పి పంపేశారు. ఆ ఆయాసం మనిషి నామోషీ పడి నాలుగు రోజులు డ్యూటీకి రాలేదు.

మన మిల్లుకు ఆ బాధ లేదు. మన కబడ్డీ జట్టులో దాలినాయుడున్నాడు.

దాలినాయుడు ఒకప్పుడు కూతకెళితే అవతల ముగ్గురిని తాకి గాని వచ్చేవాడు కాదు. రెండేళ్ల కిందట కాళ్లు పొంగాయి, మొహం పొంగింది. మూత్రపిండాలు పోయాయన్నారు. అప్పటినుంచీ మంగళవారం, శుక్రవారం పట్నం ఆసుపత్రికి వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. మిల్లువాళ్లు అతన్ని సంచులు లెక్కపెట్టే తేలిక పనిలో వేశారు. సాయంత్రాలు కబడ్డీ బరి పక్కన బల్ల మీద కూచుని ఆడేవాళ్లందర్నీ తిడుతూ ఉంటాడు. ఎక్కువగా తిట్టేది గవరయ్యను.

గవరయ్య మగ్గం మనిషి. జట్టులో పట్టు మనిషి. మాట తక్కువ. ఆ ఉన్న నాలుగు మాటల్లో మూడు దాలినాయుణ్ణి తిట్టడానికే ఖర్చవుతాయి. మంగళవారం, శుక్రవారం ఉదయం తన షిఫ్టు ఇంకొకరితో మార్చుకుని, తన మోపెడ్ మీద అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. డయాలసిస్ అయ్యాక దాలినాయుడికి కళ్లు తిరుగుతాయి. పెళ్లాం నీలవేణి అదే మిల్లులో సంచులు కుట్టే రోజుకూలీ. మానేస్తే ఆ పూట కూలి ఉండదు. ఈ షిఫ్టుల మార్పు సంగతి సూపర్‌వైజరుకి తెలుసు. తెలిసి తెలియనట్టుండేవాడు. రెండేళ్లు అలా గడిచిపోయింది.

ఇప్పుడు ఆ వ్యవహారం సంక్షేమాధికారి పరాంకుశం గారి చేతిలోకి వచ్చింది. ఆయన పాతికేళ్లుగా సంక్షేమం చూస్తున్నారు. సంక్షేమం ఆయనకు బాగానే కనిపిస్తోంది. సర్క్యులర్ చదవగానే ముగ్గురితో మైత్రీ నిర్ధారణ సంఘం వేశారు. దాలినాయుడికి ఆప్తమిత్రుడెవరో సంఘం తేలుస్తుంది. తేలినవాడికి ఆసుపత్రి రోజుల్లో డ్యూటీ మినహాయింపు. తేలనివాడు రోగి నిమిత్తం షిఫ్టు మార్చుకోవడం నిషేధం. లేకపోతే మైత్రి పలచబడుతుందని రాశారు.

గవరయ్య జుట్టు దువ్వుకుని వెళ్లాడు. అడిగినదానికి చెప్పి వచ్చెయ్యడమే కదా అనుకున్నాడు. సంఘంవారు దాలినాయుడికి ఇష్టమైన పువ్వేదని అడిగారు. గవరయ్యకు తెలియలేదు. క్యాలీఫ్లవర్ కూర తింటాడని మాత్రం తెలుసు, కానీ అది చెప్పొచ్చో లేదో తేల్చుకోలేక ఊరుకున్నాడు. అతని చిరకాల స్వప్నమేమిటని అడిగారు.

"నిద్దరే పట్టదు బాబూ ఆడికి. కాళ్లు లాగెత్తాయి."

"మిత్రుని వ్యాధి వార్త విని మీ ప్రతిస్పందన ఎట్టిది?" అన్నారు పరాంకుశం గారు.

"తిట్టినాను బాబూ. కాళ్లు పొంగినప్పుడే ఆసుపత్రికి ఎల్లరా అంటే ఎల్లలేదు."

"ఆలింగనం చేసుకున్నారా?"

 గవరయ్య బరిలో ఒకసారి పొరపాటున నడుం పట్టాడు గాని అది లెక్కలోకి రాదేమో అనిపించింది. "లేదు బాబూ," అన్నాడు.

సంఘం రాసుకుంది. రోగిని దూషించినట్టు అభ్యర్థి స్వయముగా అంగీకరించెను. కన్నీరు లేదు. ఆలింగనము లేదు. మైత్రి నిరూపణ కాలేదు.

తర్వాత టైమాఫీసు గుమాస్తా మన్మథరావు వచ్చాడు. దాలినాయుడితో అతనికున్న పరిచయమల్లా, ఆలస్యమైన రోజున ఎర్రసిరాతో గీత పెట్టడమే. కానీ మన్మథరావు ప్రశ్న వేయకముందే ఏడ్చాడు. ఇష్టమైన పువ్వు నందివర్ధనమన్నాడు. చిరకాల స్వప్నం విశ్వశాంతి అన్నాడు. సంఘంలో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే మన్మథరావును దాలినాయుడికి అధికారిక ఆప్తమిత్రుడిగా నియమిస్తూ నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు.

దాలినాయుడు ఆ కాగితం చదివి, టైమాఫీసు కిటికీ దగ్గరికెళ్లి, నందివర్ధనమంటే ఎలా ఉంటుందో కాస్త చూపించమని మన్మథరావును అడిగాడు. మన్మథరావు డ్యూటీలో ఉన్నప్పుడు స్నేహం చెయ్యడం కుదరదన్నాడు.

మంగళవారం మిల్లు జీపు వచ్చింది. మన్మథరావు ముందు సీట్లో, దాలినాయుడు వెనక సీట్లో, వాళ్ల వెనక ఫోటోగ్రాఫరు. డయాలసిస్ గదిలో గొట్టాల్లో రక్తం తిరుగుతుంటే మన్మథరావు ఒక్కసారి చూశాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే వెనక్కి పడ్డాడు. అతన్ని పక్క మంచం మీద పడుకోబెట్టారు. దాలినాయుడు చేతికి సూదులుండగానే రెండో చేత్తో అట్ట తీసుకుని అతనికి గాలి విసిరాడు. ఫోటో బాగా వచ్చింది. ఎవరు రోగో ఎవరు మిత్రుడో తెలియడం లేదని పరాంకుశం గారు దాన్ని ప్రచురణకు వద్దన్నారు.

ఆ తర్వాత మన్మథరావు ఆసుపత్రికి రాలేదు. మినహాయింపు మాత్రం వారానికి రెండుసార్లు వాడుకున్నాడు. ఇంట్లో కూచుని మిత్రుడి కోసం ప్రార్థిస్తున్నానని రాసిచ్చేవాడు. మనిషి రానప్పుడు జీపెందుకని జీపూ ఆపేశారు.

దాలినాయుడు శుక్రవారం బస్సులో వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు పట్నం బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయాడు. నుదురు చిట్లింది. తాగి పడ్డాడనుకుని జనం చాలాసేపు పక్కనించే నడిచిపోయారు. ఆ పై మంగళవారం భయపడి అసలు వెళ్లలేదు. బుధవారానికి మొహం ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. పడుకుంటే ఊపిరాడక కూచునే ఉన్నాడు.

గవరయ్య మగ్గం ఆపేసి, ఎవరికీ చెప్పకుండా మోపెడ్ తీశాడు. దారి పొడుగునా తిట్టాడు. దాలినాయుడికి తిరిగి తిట్టే ఊపిరి లేదు. అది గవరయ్యకు ఏం బాగాలేదు.

మర్నాడు ఛార్జిమెమో వచ్చింది. "అధికారిక మిత్రుడు అమలులో ఉండగా మీరు అనుమతి లేకుండా రోగి పట్ల మైత్రి ప్రదర్శించినారు. ఇది పునరావృతమైనచో ఉద్యోగము నుండి తొలగింపబడుదురు." గవరయ్య పరాంకుశం గారి దగ్గరికి వెళ్లి, తనకు ఆ పోస్టు ఏదో ఇప్పించమని అడిగాడు. ఆయన జాలిపడ్డారు. మిత్రుడి పోస్టు భర్తీ అయిపోయిందనీ, ఖాళీ వస్తే తప్పక పరిశీలిస్తామనీ చెప్పారు.

"ఖాళీ ఎప్పుడొత్తాది బాబూ?"

"రోగి ఉన్నంతవరకు రాదయ్యా," అన్నారు ఆయన.

గవరయ్య ఆ మాట దాలినాయుడితో చెప్పలేదు. మెమో మాత్రం చూపించాడు. మర్నాడు శుక్రవారం. తన ఉద్యోగం పోతే మోపెడ్‌లో పెట్రోలుకూ దారి ఉండదు. ఇద్దరూ గడప మీద కూచున్నారు. దాలినాయుడు పదో తరగతి దాకా చదివాడు. మెమోతో పాటు సర్క్యులర్ నకలు కూడా జతచేశారు. వేరే పని లేక దాన్ని మొదట్నుంచీ ఆఖరుదాకా చదివాడు. చదివి, గొంతు సవరించుకుని, మరణ ఘట్టం ఐచ్ఛికమని రాశారురా, మర్యాదస్తులేనని మెచ్చుకున్నాడు. ఇంకా కిందికెళ్లాక ఆగాడు.

"ఒరే ఎదవా, ఇక్కడ ఇంకో పోస్టుంది."

"ఏటది?"

"వైరి."

సినిమాలో గుడ్లురిమే మనిషి ఉన్నాడు గనుక ప్రతి జట్టులోనూ ఒక వైరి ఉండాలన్నారు. ఆ వైరి వారానికి రెండుసార్లు ఆసుపత్రి గుమ్మం వద్ద నిలబడాలి. అందుకు డ్యూటీ మినహాయింపు ఉంది. ఆఖరి ఆటనాడు మనఃపరివర్తన చెంది రోగిని కౌగిలించుకోవాలి. మనఃపరివర్తన జరిగిన నాటినుండి మినహాయింపు రద్దవుతుంది. ఇదీ ఏర్పాటు.

పరాంకుశం గారు ఆ పోస్టు కోసం నెలరోజులుగా వెతుకుతున్నారు. వైరిగా ఉంటానని ఒక్కడూ పేరివ్వలేదు. అందుచేత గవరయ్యను చూడగానే కుర్చీ వేయించారు. సంఘం పాత రికార్డు తీసింది. దూషణ ఉంది, కన్నీరు లేదు, ఆలింగనం లేదు, పువ్వు తెలియదు. అర్హతలన్నీ అప్పటికే చేతిరాతలో సిద్ధంగా ఉన్నాయి. మాటవరసకు ఒక్క ప్రశ్న వేశారు, ద్వేషానికి కారణం ఏమిటని.

గవరయ్య తడుముకోలేదు. చీపురుపల్లి పోటీల్లో వీడు బోనస్ గీత కోసం ఆశపడి కూతలో చిక్కుకుపోయాడని, అందువల్ల కప్పు పోయిందని చెప్పాడు. సాక్షిగా వచ్చిన దాలినాయుడు లేచి నిలబడ్డాడు. "అబద్దం బాబూ. ఈడు అవతలోడి కాలు పట్టి ఒగ్గీసినాడు. ఆ కాలు ఒగ్గకపోతే కప్పు మనదే." అక్కడినించి ఇద్దరూ సంఘాన్ని మర్చిపోయారు. ఎవరి కాలు, ఎటువైపు గీత, రిఫరీ ఎవరి బావమరిది అన్నదాకా వెళ్లింది. సంఘంవారు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత స్వచ్ఛమైన వైరం నాలుగు మిల్లుల్లోనూ దొరకదని ఏకగ్రీవంగా తీర్మానించారు.

గవరయ్య చొక్కాకు బిళ్ల కుట్టారు. దాని మీద వైరి అని ఎర్ర అక్షరాలు.

మళ్లీ మంగళవారం, శుక్రవారం మోపెడ్ నడిచింది. ఆసుపత్రిలో నర్సమ్మ ఆ బిళ్ల చూసి, ఇదేమిటని అడిగింది. ఈయనకు శత్రువునమ్మా, మిల్లువాళ్లు వేశారు అన్నాడు గవరయ్య. ఆమె ఎన్నో రకాల మనుషుల్ని చూసింది.  సర్క్యులర్ ప్రకారం గుమ్మం దగ్గర నిలబడాలి గనుక నిలబడ్డాడు. కాసేపటికి లోపల్నించి దాలినాయుడు, ఆడికి మోకాలు నొప్పమ్మా, స్టూలొకటి పడెయ్యండి అని చెప్పాడు. స్టూలు గుమ్మం దగ్గర మొదలై, ఒక్కో పూటా కాస్త కాస్త జరిగి మంచం దగ్గరికి చేరింది.

ఒకనాడు పరాంకుశం గారు తనిఖీకి వచ్చారు. దాలినాయుడికి పిక్కలు పట్టేసి మెలికలు తిరుగుతున్నాడు. గవరయ్య రెండు చేతులతో ఆ కాళ్లు పిసుకుతున్నాడు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమిటిది?"

గవరయ్య చేతులు తీయలేదు. "గిల్లుతున్నాను బాబూ."

దాలినాయుడు నొప్పితో కెవ్వుమన్నాడు. పరాంకుశం గారు తృప్తిపడి, వైరి విధులు సక్రమముగా నిర్వర్తించుచున్నాడు అని రాసుకుని వెళ్లిపోయారు.

ఇదంతా బాగానే జరిగేది గాని ఆఖరి ఆట దగ్గరపడింది. నాలుగు మిల్లుల పోటీ. గురువారం పెట్టారు. చైర్మన్ గారు స్వయంగా వస్తున్నారు. మిల్లు గోడలకు సున్నం వేశారు. గవరయ్యను పిలిచి మనఃపరివర్తన రిహార్సలు చేయించారు. వేదిక ఎక్కాలి, మూడడుగులు నడవాలి, ఆగాలి, పెదవి వణకాలి, కౌగిలించుకోవాలి. గవరయ్యకు పెదవి వణకడం రాలేదు. పోనీ భుజాలు వణికించు అన్నారు.

"ఆ తర్వాత బాబూ? శుక్రవారం ఆసుపత్రికి?"

తర్వాత ఏముంది, మీరు మారిపోయినవారు, వైరం లేదు, మినహాయింపూ లేదు, మగ్గం దగ్గరికి వెళ్లిపోవచ్చునని పరాంకుశం గారు ఎంతో శుభవార్తలా చెప్పారు. రోగి సంగతి చూసుకోవడానికి మన్మథరావు ఎలాగూ ఉన్నాడన్నారు.

గవరయ్య ఆ సంగతి దాలినాయుడికి చెప్పాడు.  దాలినాయుడు, ఒక మనిషి మారడానికి ఇన్ని నెలలు టైమిచ్చారు, ఇంక ఎంతని ఇస్తారులే అన్నాడు. నవ్వబోయాడు గాని కుదరలేదు.

గురువారం వచ్చింది. ఆకాశం నీలంగా నిగనిగలాడుతోంది. సినిమాలో వాన ఉంది గనుక మిల్లు ఫైరింజను తెచ్చి బరి మీద గొట్టం పెట్టారు. నాలుగు నిమిషాల్లో బరి నారుమడి అయిపోయింది. ఆటగాళ్లు నిలబడలేక పడుతున్నారు. ఎవరు ఎవర్ని పట్టారో రిఫరీకి తెలియక, లేచినవాళ్లకు లేచినట్టు పాయింట్లు వేశాడు. దాలినాయుడు వేదిక మీద చక్రాల కుర్చీలో కూచున్నాడు. రోజుకు లోటాడు నీళ్లకు మించి తాగకూడని మనిషి. అన్ని నీళ్లు అలా పోతుంటే రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. మన్మథరావు అంబులెన్సు వెనకాల బరి చుట్టూ పరుగెత్తి, మూడో చుట్టులో ఆయాసపడి అదే అంబులెన్సు ఎక్కాడు. మన జట్టు గెలిచిందన్నారు. ఓడినవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు మనఃపరివర్తన," అని మైకులో చెప్పారు.

ఎక్కడో వేణువు మొదలైంది. గవరయ్య వేదిక ఎక్కి, మూడడుగులు నడిచి, ఆగాడు. దాలినాయుడు కుర్చీ చేతులు ఊతంగా పట్టుకుని లేచాడు. ఎవరూ లేవమనలేదు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. పక్కటెముకలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. రెండు చేతులూ చాపాడు. ఆ చేతుల్లో ఒకదాని మీద సూదుల బుడిపెలు ఉబ్బి ఉన్నాయి. రిహార్సల్లో ఇలా చాపమని ఎవరూ చెప్పలేదు. చాపి, నవ్వుతున్నాడు.

 గవరయ్యకు ముప్ఫయ్యేళ్ల సావాసంలో ఎన్నడూ అనిపించనిది ఆ పూట అనిపించింది. మూడడుగుల దూరం. ఈ ఒక్కసారికి వాటేసుకుంటే ఏం పోతుందనుకున్నాడు. ఏం పోతుందో వెంటనే తెలిసింది. పెదవి దానంతట అదే వణికింది. పరాంకుశం గారు సంతోషంతో తల ఊపారు.

గవరయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నాను మారలేదు బాబూ."

వేణువు ఆగిపోయింది. పరాంకుశం గారు వేదిక అంచు దాకా వచ్చి, మారు, మారు అని సైగ చేశారు. గవరయ్య నేల చూశాడు. చైర్మన్ గారు కుర్చీలోంచి ముందుకు వంగారు. ఆయన చేతిలో జేబురుమాలు సిద్ధంగా ఉంది.

"ఇంత చూశాక కూడా నీ మనసు కరగలేదా?"

"లేదు బాబూ."

"ఎప్పటికి కరుగుతుంది?"

గవరయ్య తలెత్తి దాలినాయుడి వైపు చూశాడు. దాలినాయుడి చేతులు ఇంకా చాచే ఉన్నాయి.

"ఆడు బతికున్నంత కాలం కరగదు బాబూ."

జనంలో గుసగుస పుట్టింది. రాతిగుండె మనిషన్నారు. ఒకామె శాపనార్థాలు పెట్టింది. ఆ పక్కనే కూచున్న నీలవేణి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. దాలినాయుడు మెల్లగా చేతులు దించి కుర్చీలో కూలబడ్డాడు. పెదాలు మాత్రం కదిలాయి. ఎదవ అన్నాడని గవరయ్యకు తెలుసు.

 చైర్మన్ గారు పరాంకుశం గారితో ఏదో మాట్లాడారు. సినిమాలో లేని పరిస్థితి గనుక కొత్త ఉత్తర్వు కావాలి. అక్కడే, తడి బల్ల మీదే రాయించి, మైకులో చదివించారు. "వైరి మనఃపరివర్తన చెందనందున, చెందువరకు అతడు యథావిధిగా వారమునకు రెండు పర్యాయములు ఆసుపత్రి ద్వారమున నిలబడవలెను. ఈ శిక్షకు గడువు లేదు."

గవరయ్య ఆ కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, తడవకుండా బొడ్లో దోపుకున్నాడు.

వేదిక వెనకాల ఎవరూ లేని చోట దాలినాయుడు కుర్చీలో ఉన్నాడు. గవరయ్యను చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"ఇక్కడెవరూ లేరు కదరా," అన్నాడు.

గవరయ్య అటూ ఇటూ చూశాడు. ఒక అడుగు వేశాడు. అప్పుడే మూలమలుపు తిరిగి పరాంకుశం గారు, ఆయన వెనక ఫోటోగ్రాఫరు వస్తూ కనిపించారు. గవరయ్య ఆగి, గొంతు పెంచి, రేపు ఆరింటికల్లా తయారుగా లేకపోతే నీ సంగతి చెబుతానని దాలినాయుణ్ణి గట్టిగా బెదిరించి, మోపెడ్‌లో పెట్రోలు పోయించడానికి వెళ్లిపోయాడు.